పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉంది? పుల్టెనీ ఎస్టేటు ఏజెంటు మార్పు: ఒక కేస్ స్టడీ

పొలం చూసుకునే ఏజెంటుని తీసేయాలి అంటూ ఎవరు నా లాయరు ఆఫీసు మెట్లెక్కినా నేను మొదట అడిగేది ఒకటే. పాస్‌బుక్ ఎవరి పేరు మీద ఉంది? ఆ ప్రశ్న వాళ్ళకి నచ్చదు. వాళ్ళు లెక్కల కాగితాలు తెచ్చుకుంటారు, వాట్సాప్ మెసేజిలు తెచ్చుకుంటారు, ఏళ్ళ తరబడి దిగమింగుకున్న కోపం తెచ్చుకుంటారు. అవన్నీ చూద్దాం, ముందు ఇది చెప్పండి అంటాను. ఎందుకంటే ఏజెంటుని మార్చడం అనే పని రెండు రకాలు. భూమి యజమాని పేరు మీదే ఉండి, ఏజెంటు చేతిలో పవర్ ఆఫ్ అటార్నీ మాత్రమే ఉంటే అది ఒక పని. భూమే ఏజెంటు పేరు మీద ఉంటే అది పూర్తిగా వేరే పని.

ఈ తేడా జూనియర్లకి చెప్పాల్సి వచ్చినప్పుడు నేను వాడే కేసు మన కోర్టులది కాదు. 1790ల నాటి న్యూయార్క్‌ది. లండన్‌లో కూర్చున్న ముగ్గురు డబ్బున్నవాళ్ళు, అడవిలో కూర్చున్న ఒక ఏజెంటు, మధ్యలో అట్లాంటిక్ సముద్రం. చదివిన ప్రతిసారీ నా బల్ల మీదున్న ఏదో ఒక ఫైలు గుర్తొస్తుంది. అందుకే దీన్ని ఒకసారి మొదటినుంచి చివరిదాకా రాసి పెడుతున్నాను.

భూమి ఎక్కడిది

న్యూయార్క్ రాష్ట్రం పడమటి భాగంలో జెనెసీ నది పారే ప్రాంతం సెనెకా ప్రజలది. అమెరికా విప్లవ యుద్ధంలో, 1779లో, అమెరికన్ జనరల్ సలివాన్ సైన్యం వాళ్ళ ఊళ్ళను, మొక్కజొన్న చేలను, పండ్ల తోటలను తగలబెట్టింది. యుద్ధం అయ్యాక ఆ నేల మీద రెండు రాష్ట్రాలు తగువుపడి 1786లో హార్ట్‌ఫర్డ్‌లో రాజీకి వచ్చాయి. పరిపాలన న్యూయార్క్‌ది, సెనెకాల దగ్గర్నుంచి భూమి కొనే మొదటి హక్కు మసాచుసెట్స్‌ది. ఆ హక్కును 1788లో ఆలివర్ ఫెల్ప్స్, నథానియల్ గోరమ్ అనే ఇద్దరు కొన్నారు. అదే ఏడాది బఫెలో క్రీక్ దగ్గర సెనెకా పెద్దలతో ఒప్పందం రాయించుకుని సుమారు 26 లక్షల ఎకరాలు తీసుకున్నారు.

ఆ ఒప్పందం మీద సెనెకా నాయకుడు కార్న్‌ప్లాంటర్ 1790లో అధ్యక్షుడు వాషింగ్టన్‌కే ఫిర్యాదు చేశాడు. తమకు 10,000 డాలర్లు, ఏటా 1,000 డాలర్లు అని చెప్పి, తీరా ఇచ్చేటప్పుడు 5,000, ఏటా 500 మాత్రమే ఇచ్చారన్నది ఆ ఫిర్యాదు. ఆస్తి కేసుల్లో లింకు డాక్యుమెంట్లు వెనక్కి తిప్పుతూ పోతే చాలాసార్లు ఇలాంటి చోటే ఆగుతాం. తర్వాతి దస్తావేజులన్నీ ఎంత శుభ్రంగా ఉన్నా ఆ మొదటి కాగితం దగ్గర మనసు ఒప్పుకోదు. ఈ కేసులో ఏజెంటుదీ యజమానిదీ తగువు గురించే రాయబోతున్నాను గానీ, ఆ ఇద్దరూ కొట్లాడుకున్న నేల ఎవరి చేతుల్లోంచి ఎలా వచ్చిందో చెప్పకుండా మొదలుపెట్టడం నాకు సరైన పని అనిపించలేదు.

ఫెల్ప్స్, గోరమ్‌లు వాయిదాలు కట్టలేక చేతులెత్తేశారు. మిగిలిన భూమిలో పెద్ద భాగాన్ని 1790లో ఫిలడెల్ఫియా వ్యాపారి రాబర్ట్ మోరిస్ కొన్నాడు. అమెరికా విప్లవానికి డబ్బు సర్దిపెట్టిన మోరిస్ ఆయనే. మోరిస్ కూడా దాన్ని ఉంచుకోవడానికి కొనలేదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ మనవడు విలియం టెంపుల్ ఫ్రాంక్లిన్‌ని లండన్ పంపాడు. 1791లో అక్కడ బేరం కుదిరింది. 12 లక్షల ఎకరాలు, 75,000 పౌండ్లు. ఎకరాకు షిల్లింగూ మూడు పెన్నీలు పడింది.

యజమానులు ముగ్గురు

కొన్నవాళ్ళని పుల్టెనీ అసోసియేట్స్ అంటారు. 12 వాటాల్లో 9 సర్ విలియం పుల్టెనీవి. పుట్టుకతో జాన్‌స్టన్ ఇంటివాడు. భార్య వైపు నుంచి వచ్చిన ఆస్తితో ఇంటిపేరు మార్చుకుని, బ్రిటన్‌లోనే పెద్ద ధనవంతుల్లో ఒకడయ్యాడు. ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో ఏవన్ నది మీద వంతెన కట్టించింది ఈయనే. పార్లమెంటు సభ్యుడు.

రెండు వాటాలు విలియం హార్న్‌బీవి. ఈ పేరు మనకి కొత్త కాదు. 1771 నుంచి 1784 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్న హార్న్‌బీ ఈయనే. ముంబయిలో హార్న్‌బీ వెల్లార్డ్ అని ఒక పాత గట్టుకి పేరుంది కదా, ఆ హార్న్‌బీ. ఈస్టిండియా కంపెనీ కొలువులో గడిపినవాడు తన సొమ్ములో కొంత న్యూయార్క్ అడవిలో పెట్టాడన్నమాట.

చివరి వాటా పాట్రిక్ కొహూన్‌ది. గ్లాస్గో నగరానికి మేయరు లాంటి పదవిలో పనిచేసి లండన్‌లో మేజిస్ట్రేటు అయ్యాడు. థేమ్స్ నది ఓడరేవు దొంగతనాలు ఆపడానికి 1798లో నది పోలీసు దళం పెట్టించిన మనిషి. వాటా చిన్నదే గానీ అమెరికాకు వెళ్ళే ఉత్తరాల పనిలో ఈయన చెయ్యి బాగా ఉండేది.

ముగ్గురిలో ఒక్కరూ ఆ భూమిని కంటితో చూడలేదు. ముగ్గురికీ అసలు చిక్కు వేరే ఉంది. అప్పటి న్యూయార్క్ చట్టం ప్రకారం విదేశీయుడి పేరు మీద భూమి నిలవదు. కొన్నా అది రాష్ట్రానికి దఖలు పడే ప్రమాదం ఉంది. డబ్బు వాళ్ళది, పత్రం మాత్రం వాళ్ళ పేరు మీద రాయించుకోవడానికి వీల్లేదు.

ఏజెంటు

ఇందుకోసం వాళ్ళు ఎంచుకున్న మనిషి చార్లెస్ విలియమ్సన్. 1757లో స్కాట్లండ్‌లో పుట్టాడు. బ్రిటిష్ సైన్యంలో కెప్టెన్. 1781లో ఓడలో అమెరికా వెళ్తుంటే అమెరికన్లకి పట్టుబడి బోస్టన్ దగ్గర బందీగా ఉన్నాడు. ఆ బందీ రోజుల్లోనే అబిగైల్ న్యూయెల్ అనే రాక్స్‌బరీ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. అమెరికా సంగతి తెలిసినవాడు, స్కాట్లండ్‌లో వ్యవసాయం చూసుకున్నవాడు, ధైర్యవంతుడు. కాగితం మీద ఇంతకంటే మంచి మనిషి దొరకడు.

1791 చివర్లో అమెరికాలో దిగాడు. 1792 జనవరిలో ఫిలడెల్ఫియాలో అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. ఆ ఏప్రిల్‌లో రాబర్ట్ మోరిస్ భూమిని దస్తావేజు రాసి ఇచ్చాడు. ఎవరికి? పుల్టెనీకి కాదు, విలియమ్సన్‌కి. 12 లక్షల ఎకరాలకు చట్టం కళ్ళముందు యజమాని ఇప్పుడు ఏజెంటే.

మన భాషలో దీనికి ఒక మాట ఉంది, బినామీ. ఆ రోజుల్లో న్యూయార్క్‌లో విదేశీ పెట్టుబడిదారులకి ఇది మామూలు ఏర్పాటే, అందులో దొంగతనం ఏమీ లేదు. కానీ నాలాంటివాడికి ఆ దస్తావేజు దగ్గరే గుండె ఆగుతుంది. భూమి అతని పేరు మీద. అమ్మే అధికారం అతనిది. లండన్ ఖాతా మీద హుండీలు, అంటే సొమ్ము చెల్లించమనే పత్రాలు, రాసే అధికారం కూడా అతనిదే. ఈ మూడూ ఒకే చేతిలో ఉన్నాయి. తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చిన తగువంతా 1792 ఏప్రిల్ నాడే ఆ కాగితంలో ఉంది.

పెట్టిన ఖర్చు

విలియమ్సన్ ఆలోచన తేలికగా అర్థమవుతుంది. అడవిని ఎకరాల లెక్కన అమ్మితే అడవి ధరే వస్తుంది. ముందు రోడ్డు వేసి, మిల్లు పెట్టి, హోటలు కట్టి, ఊరు చూపిస్తే ధర తనంతట తానే లేస్తుంది. మన ఊళ్ళ చివర వెంచర్లు వేసేవాళ్ళు ముందు కమాను కట్టి, తారు రోడ్డు పోసి, క్లబ్‌హౌస్ లేపుతారు కదా, అదే లెక్క. కాకపోతే ఇతను దాన్ని 200 ఏళ్ళకు ముందే, ఎలుగుబంట్లు తిరిగే చోట చేశాడు.

పెన్సిల్వేనియా వైపునుంచి కొండలు తొలిచి జెనెసీ దాకా రోడ్డు వేయించాడు. ఆ పనికి హాంబర్గ్ నుంచి జర్మన్ కుటుంబాలను దింపారు. వాళ్ళని కుదిర్చింది లండన్‌లోని కొహూన్, నడిపించుకొచ్చింది బెర్జీ అనే ఆయన. వ్యవసాయం చేద్దామని వచ్చినవాళ్ళ చేత చెట్లు కొట్టించారు. తిండి దగ్గర, జీతాల దగ్గర తగువులు పెరిగి అల్లరి దాకా వెళ్ళింది. చివరికి 1794లో బెర్జీ వాళ్ళని తీసుకుని కెనడా వైపు వెళ్ళిపోయాడు. పెట్టిన డబ్బంతా నీళ్ళపాలు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ నష్టం విలియమ్సన్ పద్దులో కనపడుతుంది గానీ మనుషుల్ని ఎంచింది లండన్. ఏజెంటు మీద లెక్కల దావా వేసేటప్పుడు యజమాని తాను చేసిన పనులని కూడా ఏజెంటు పద్దులో కలిపేస్తాడు. ఇది నేను ఎన్నిసార్లు చూశానో!

1793లో కొహాక్టన్ నది ఒడ్డున బాత్ పట్టణం మొదలుపెట్టాడు. పేరు పుల్టెనీ వంశానికి ఉన్న బాత్ బిరుదు మీద పెట్టాడు. ఆ ఏడాదే జ్వరాలు తగిలాయి. జెనెసీ జ్వరం అనేవాళ్ళు. బాత్‌లో మొదట సమాధి చేసింది విలియమ్సన్ చిన్న కూతురు క్రిస్టియన్‌నే. పద్దుల పుస్తకంలో ఇలాంటివాటికి గడి ఉండదు. అయినా ఏజెంటు చేసిన ఖర్చు గురించి తీర్పు చెప్పే ముందు, అతను ఆ ఊరికి ఏమిచ్చాడో కూడా తెలిసి ఉండాలని రాస్తున్నాను.

1794లో న్యూయార్క్‌లోనే ఉన్న జెనీవా అనే ఊరి దగ్గర పెద్ద హోటలు లేచింది. ఆంటారియో సరస్సు ఒడ్డున సోడస్ దగ్గర రేవు, మిల్లు, సత్రం. దానికొక్కదానికే 20,000 డాలర్ల దాకా పోశాడు. సోడస్ దగ్గర డబ్బుతో పాటు తలనొప్పి కూడా తోడైంది. అప్పటికింకా నయాగరా కోట బ్రిటిష్ వాళ్ళ చేతిలోనే ఉంది. 1794 ఆగస్టులో అప్పర్ కెనడా లెఫ్టినెంట్ గవర్నర్ సిమ్‌కో తన మనిషి లెఫ్టినెంట్ షీఫ్‌ని పడవలో పంపాడు. ఇక్కడ పని ఆపండి అని చెప్పడానికి. దుంగల ఇంట్లో బల్ల మీద తూటాలు నింపిన పిస్తోళ్ళు పెట్టుకుని విలియమ్సన్ అతన్ని కూర్చోబెట్టి మాట్లాడాడని చెబుతారు. ఆపను అన్నాడు. ఒకప్పటి బ్రిటిష్ కెప్టెన్, బ్రిటిష్ డబ్బుతో, అమెరికా పౌరుడిగా, బ్రిటిష్ అధికారికి ఎదురు చెప్పాడు.

1796లో బాత్‌లో సంత పెట్టి గుర్రప్పందేలు నడిపాడు. దుంగలతో నాటకశాల కట్టాడు. వార్తాపత్రిక మొదలుపెట్టించాడు. దక్షిణాది జమీందార్లు వస్తారు, వర్జీనియా, మేరీలాండ్ డబ్బు వస్తుంది అని ఆశ. 1795లో అక్కడికి వెళ్ళిన ఫ్రెంచి ప్రభువు లా రోష్‌ఫూకో లియాంకూర్ అతన్ని బాగా మెచ్చుకున్నాడు. ఎవరొచ్చినా విసుక్కోకుండా మాట వింటాడు, సాదాగా బతుకుతాడు అని. ఎకరం డాలరు దగ్గర మొదలుపెట్టి మెల్లగా ధర పెంచుకుంటూ పోయాడు. కౌంటీ జడ్జీ అయ్యాడు, 1796 నుంచి రాష్ట్ర శాసనసభ సభ్యుడయ్యాడు.

అతని అంచనాలో పెద్ద తప్పు ఒకటి ఉంది. పంటంతా కొహాక్టన్ మీదుగా సస్క్వెహానా నదిలో పడవల మీద బాల్టిమోర్ దిగుతుంది, కాబట్టి బాత్ మహానగరం అవుతుంది అని నమ్మాడు. కొన్నేళ్ళు ఆ పడవలు నడిచాయి కూడా. 1825లో ఈరీ కాలువ తెరిచాక సరుకంతా అటు తిరిగింది. అయితే 1793లో ఆ కాలువని ఊహించలేదని ఏజెంటుని తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

లండన్‌లో పెరిగిన టెన్షన్

డబ్బు ఎలా వెళ్ళేదో అర్థమైతేనే తగువు అర్థమవుతుంది. విలియమ్సన్ చేతిలో నగదు ఉండదు. న్యూయార్క్‌లోనో ఫిలడెల్ఫియాలోనో వర్తకుడికి హుండీ రాసిస్తాడు. ఇన్ని పౌండ్లు లండన్‌లో పుల్టెనీ గారు చెల్లిస్తారు అని. వర్తకుడు డబ్బు ఇస్తాడు. ఆ హుండీ ఓడెక్కి వారాల తర్వాత లండన్‌లో పుల్టెనీ ముందుకొస్తుంది. అప్పటికి ఇక్కడ డబ్బు ఖర్చైపోయి ఉంటుంది.

ఒప్పుకోను అంటే ఏమవుతుంది? హుండీ తిరస్కరించబడి నష్టపరిహారంతో సహా అమెరికా తిరిగొస్తుంది. వర్తకుడు విలియమ్సన్ మీద దావా వేస్తాడు. డిక్రీ వస్తే జప్తుకు కనపడే ఆస్తి ఏది? విలియమ్సన్ పేరు మీదున్న భూమి. అంటే పుల్టెనీ తన సొంత భూమినే పరులకి అప్పగించినట్టు. అందుకని కోపంతో ఉత్తరాలు రాస్తూనే హుండీలు చెల్లించక తప్పని స్థితి. ఆ ఉత్తరానికి జవాబు వచ్చేసరికి నెలలు పడుతుంది. ఈలోపు ఇంకో రెండు హుండీలు దిగుతాయి.

కొహూన్ మొదటినుంచీ విలియమ్సన్ వైపు మాట్లాడేవాడు. పుల్టెనీ ఓపిక తగ్గుతూ వచ్చింది. తొమ్మిది వాటాలవాడి ఓపిక తగ్గితే ఒక వాటావాడి సమర్థన ఎంతకాలం నిలుస్తుంది?

1800 నాటికి పద్దు తీశారు. కొనుగోలు సొమ్ము, ఏజెన్సీ ఖర్చులు, అభివృద్ధి పనులు అన్నీ కలిపి దాదాపు 13 లక్షల 74 వేల డాలర్లు. అమ్మకాల మీద చేతికొచ్చిన నగదు సుమారు 1 లక్షా 48 వేలు. తొమ్మిది డాలర్లు పెడితే ఒకటి తిరిగొచ్చింది. ఇంకోపక్క అమ్మని భూమికి 35 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టారు.

ఈ పద్దు గురించి ఇప్పటికీ రెండు వాదాలున్నాయి. డబ్బు తగలేశాడు అన్నది ఒకటి. దేశాన్నే కట్టాడు, ఫలం తర్వాతివాళ్ళు తిన్నారు అన్నది ఇంకొకటి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 35 లక్షలు అన్నది అంచనా విలువ, అది కూడా విలియమ్సన్ పెట్టిన ఖర్చువల్ల వచ్చిన విలువే. కాబట్టి అతను మోసగాడు కాడు. కానీ యజమాని ఓపిక పట్టగల కాలం ఎంతో తెలుసుకోకుండా పాతికేళ్ళకి ఫలించే పనిని ఐదేళ్ళ డబ్బుతో మొదలుపెట్టాడు. ఆ తప్పులో సగం లండన్‌ది. ఏడాదికి ఇంతకు మించి హుండీ రాయొద్దు అని గట్టిగా గీత గీసి, ఆ గీత దాటితే ఏమవుతుందో ముందే రాయించుకోవాల్సింది వాళ్ళు. ఉత్తరాల్లో చేసే మందలింపు ఒప్పందంలో షరతుకి సాటిరాదు.

తీసేయడానికి అడ్డం

ఇప్పుడు అసలు ముడి. పుల్టెనీకి ఏజెంటుని మార్చాలని ఉంది. నిన్ను తీసేశాను అని ఒక ఉత్తరం రాస్తే ఏజెన్సీ పోతుంది, భూమి మాత్రం రాదు. సరే, భూమి తిరిగి రాసివ్వు అనొచ్చు. ఎవరికి రాసిస్తాడు? పుల్టెనీ ఇంకా విదేశీయుడే. లేదా ఇంకో అమెరికన్ పేరు మీదకి మార్చాలి. అది బినామీని మార్చి ఇంకో బినామీని పెట్టుకోవడమే. అదే ప్రమాదం మళ్ళీ మొదటికి.

దారి తెరిచింది శాసనసభ. 1798 ఏప్రిల్ 2న న్యూయార్క్ ఒక చట్టం చేసింది. మూడేళ్ళ పాటు విదేశీయులు తమ పేరు మీదే భూమి రాయించుకోవచ్చు, అలా రాయించుకున్నది వాళ్ళకీ వారసులకీ నిలుస్తుంది అని. ఆ చట్టం కోసం గట్టిగా పనిచేసింది హాలండ్ లాండ్ కంపెనీ డచ్ పెట్టుబడిదారులు. జెనెసీకి పడమట 30 లక్షల ఎకరాలకు పైగా వాళ్ళవి, వాళ్ళదీ ఇదే చిక్కు. సభలో బిల్లుని నడిపించింది న్యూయార్క్ రాజకీయ నాయకుడు ఏరన్ బర్. ఆ రోజుల్లోనే డచ్ వాళ్ళు ఆయనకి 5,500 డాలర్లు అప్పుగా సర్దారు. అది లంచమే అని జాన్ చర్చ్ అన్నందుకు 1799లో బర్ ఆయనతో పిస్తోళ్ళ ద్వంద్వయుద్ధం చేశాడు. ఎవరికీ గాయం కాలేదు.

ఆ సభలో సభ్యుడుగా, బర్‌కి దగ్గరి మనిషిగా విలియమ్సన్ కూడా ఉన్నాడు. తనని తీసేయడానికి ఉన్న ఒకే ఒక అడ్డు తొలగించే చట్టం తన సభలోనే తయారైంది. అతను దాన్ని ఆపే ప్రయత్నం చేయలేదు. నాకు ఈ కేసులో విలియమ్సన్ మీద గౌరవం కలిగేది ఇక్కడే. భూమి తన పేరు మీదుందన్న బలాన్ని యజమాని మీద ఆయుధంగా వాడుకునే ఏజెంట్లని నేను చాలామందిని చూశాను.

కొన్నేళ్ళ క్రితం అమెరికా పౌరసత్వం తీసుకున్న ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. విదేశీ పౌరులు మన దేశంలో వ్యవసాయ భూమి కొనకూడదు. అందుకని డబ్బు పంపి బాబాయి పేరు మీద ఆరెకరాల మాగాణి కొనిపించాడు. ఇప్పుడు బాబాయి కౌలు లెక్కలు చెప్పడం లేదు, బావకి అప్పగిద్దామని. నా ముందే ఫోను స్పీకర్‌లో పెట్టాడు.

"బాబాయ్, ఇకనుంచి పొలం సంగతి బావ చూసుకుంటాడు. కాగితాలు ఇచ్చేయండి."

అవతలనుంచి కోపం లేదు, అరుపు లేదు. "ఏ కాగితాలురా? పాస్‌బుక్కు నాది, పొలం నాది. నువ్వు పంపిన డబ్బు మీ నాన్న బాకీ కింద జమ వేసుకున్నా" అన్నాడాయన.

ఫోను పెట్టేశాక ఆ అబ్బాయి నా మొహంలోకి చూశాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. 1988 బినామీ చట్టం ప్రకారం అసలు డబ్బు పెట్టినవాడు నాదీ అని దావా వేయలేడు. 2016 సవరణ తర్వాత బాబాయి మనసు మారి తిరిగి రాసిద్దామన్నా ఆయనకీ దారి లేదు. న్యూయార్క్ మూడేళ్ళు తలుపు తెరిచింది. మన చట్టం ఆ తలుపు మూసే ఉంచింది, అలా మూసి ఉంచడానికి సరైన కారణాలే ఉన్నాయి. ఆయన ఫీజు ఎంత అని అడిగాడు. ఏమీ వద్దన్నాను.

చేతులు మారడం

మళ్ళీ న్యూయార్క్ వెళ్దాం. చట్టం గడువు 1801 ఏప్రిల్ మొదటి వారంతో ముగుస్తుంది. 1801 మార్చిలో, అంటే తలుపు మూసుకోబోతున్న చివరి రోజుల్లో, విలియమ్సన్ ఎస్టేటుని సర్ విలియం పుల్టెనీ పేరు మీద రాసిచ్చాడు. మూడేళ్ళ గడువులో ఆఖరి నెల దాకా ఎందుకు ఆగారు? ఏజెంటు లెక్కలు తేలాలి. రాసిన హుండీల బాధ్యత ఎవరిదో తేలాలి. తన పేరు మీద చేసిన అప్పులకి యజమాని పూచీ పడితే తప్ప ఏ ఏజెంటూ ఆస్తి వదలడు, వదలకూడదు కూడా. మన ఒప్పందాల చట్టం 1872లో కూడా ఏజెంటు చేసిన చట్టబద్ధమైన పనులకి వచ్చే నష్టాన్ని యజమానే భరించాలని ఉంది. రెండు పక్షాల లెక్క సామరస్యంగానే ముగిసింది. కోర్టుకి ఎక్కి ఉంటే గడువు దాటిపోయేది, అప్పుడు ఇద్దరూ మునిగేవాళ్ళు. ఆ ఏప్రిల్ తేదీ ఇద్దరి మెడ మీదా ఒకేలా ఉంది కాబట్టి రాజీ కుదిరిందని నా నమ్మకం. గడువు లేని రాజీ చర్చలు ఎలా సాగుతాయో లోక్ అదాలత్‌లో కూర్చున్నవాళ్ళకి తెలుసు.

కొత్త ఏజెంటు రాబర్ట్ ట్రూప్. న్యూయార్క్ న్యాయవాది, విప్లవ యుద్ధంలో సైనికుడు, అలెగ్జాండర్ హామిల్టన్‌కి కాలేజీ రోజులనుంచి ప్రాణమిత్రుడు, 1796 నుంచి 1798 దాకా ఫెడరల్ జడ్జి. విలియమ్సన్ బర్ మనిషైతే ఇతను బర్ రాజకీయ ప్రత్యర్థి హామిల్టన్ మనిషి. కాబట్టి మార్పు ఒక మనిషి స్థానంలో ఇంకో మనిషి రావడం మాత్రమే కాదు. కట్టేవాడి స్థానంలో వసూలు చేసేవాడు వచ్చాడు.

ట్రూప్ పందేలు పెట్టలేదు, నాటకశాలలు కట్టలేదు. కొన్నవాళ్ళ వాయిదాలు చూశాడు, డబ్బు లేనివాళ్ళ దగ్గర గోధుమలు, పశువులు జమ కట్టుకున్నాడు, ధర నిలబెట్టాడు. బాత్ కొన్నాళ్ళు వెలవెలబోయింది. విలియమ్సన్ చుట్టూ తిరిగిన దొరలు సర్దుకుని వెళ్ళిపోయారు. గొడ్డలి పట్టి అడవి కొట్టిన న్యూ ఇంగ్లండ్, పెన్సిల్వేనియా రైతులు ఉండిపోయారు. యజమానికి కావాల్సింది ఈ రెండో రకం ఏజెంటే అయితే, మొదటి రకంతో తొమ్మిదేళ్ళు ఎందుకు నడిపించారు అని అడగొచ్చు. విలియమ్సన్ వేసిన రోడ్డు లేకపోతే ట్రూప్ వసూలు చేయడానికి అక్కడ రైతే ఉండేవాడు కాడు. ఇద్దరూ కావాలి, ఒకరి తర్వాత ఒకరు. కాకపోతే మొదటివాడిని ఎప్పుడు, ఎంత దగ్గర ఆపాలో 1792లోనే రాసుకోవాలి.

వసూలుకీ ఒక ధర ఉంది. పెరిగిన వడ్డీలు, తీరని వాయిదాలు మోయలేక 1830లో రైతులు బాత్‌లో సమావేశమై ధరలు తగ్గించమని అడిగారు. అప్పటికి వాళ్ళు ఆ నేలని ఒక తరం నుంచి దున్నుతున్నారు, అయినా చాలామంది చేతిలో ఉన్నది ఒప్పంద పత్రమే, పక్కా దస్తావేజు కాదు. లండన్ యజమానులకి 1801లో దొరికిన నిశ్చింత వీళ్ళకి 1830 నాటికీ దొరకలేదు.

విలియమ్సన్ బ్రిటన్ వెళ్ళిపోయాడు. 1804లో, అమెరికా పడమటి భాగాన్ని విడదీయాలన్న బర్ పథకాలని బ్రిటిష్ రాయబారి మెర్రీకి చేరవేసిన మనిషిగా చరిత్రలో మళ్ళీ కనపడతాడు. 1808లో హవానా నుంచి తిరిగొస్తూ ఓడలోనే పచ్చజ్వరంతో చనిపోయాడు.

సర్ విలియం పుల్టెనీ అంతకు ముందే, 1805 మే 30న, వీలునామా రాయకుండా పోయాడు. ఆస్తి కూతురు హెన్రియెటా లారాకి వచ్చింది. ఆమె కూడా 1808లోనే కన్నుమూసింది, ఆస్తి బంధువుల మధ్య చీలింది. 1801 మార్చి నాటి ఆ దస్తావేజు లేకపోయి ఉంటే 1808లో ఆ భూమి చనిపోయిన ఏజెంటు పేరు మీద ఉండేది. అతని వారసులు, అతని అప్పులవాళ్ళు, ఇంకోపక్క వీలునామా లేని విదేశీ యజమాని వారసులు, అందరూ అదే నేల మీదకి వచ్చేవాళ్ళు. అలా జరగలేదు. లండన్‌లో వారసులు మారుతూ పోయారు, ట్రూప్ 1832లో చనిపోయేదాకా వాళ్ళ ఏజెంటుగానే ఉన్నాడు.